షార్లెట్ బ్రాంటీ – బ్రాన్‌వెల్: ఒక సాహిత్య సాహచర్యం చెదిరిన తీరు

బ్రాంటీ సోదరీమణుల జీవితచరిత్రలలో బ్రాన్‌వెల్ (1817–1848) సాధారణంగా తాగుబోతు సోదరుడిగానే కనిపిస్తాడు. ఆ చిత్రణ అసత్యం కాదు గాని అసంపూర్ణం. షార్లెట్ (1816–1855) రచనాభ్యాసం ఈ తమ్ముడి సాహచర్యంలోనే సాగింది. 1826లో తండ్రి పాట్రిక్ కొడుకు కోసం తెచ్చిన పన్నెండు కొయ్య సైనికుల బొమ్మల చుట్టూ పిల్లలు అల్లుకున్న ఊహాలోకం క్రమంగా ‘ఆంగ్రియా’ రాజ్యంగా విస్తరించింది. అరచేతిలో ఇమిడే పుస్తకాలలో అక్కాతమ్ముళ్లు దాని చరిత్రను పంచుకొని రాశారు. యుద్ధాలూ రాజకీయాలూ ప్రధానంగా అతని వంతు, ప్రణయగాథలు ఆమె వంతు. 1841 నుంచి ‘హాలిఫాక్స్ గార్డియన్’ పత్రికలో అతని కవితలు వెలువడ్డాయి. తన కవిత్వాన్ని అక్కచెల్లెళ్ల కంటే ముందే అచ్చులో చూసుకున్నవాడు అతడే.

ఏకైక కుమారుడిపై కుటుంబం పెట్టుకున్న ఆశలు ఒక్కొక్కటిగా కూలాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో చిత్రకారుడిగా నిలదొక్కుకోలేకపోయాడు. లెక్కల్లో తేడా రావడంతో 1842లో రైల్వే ఉద్యోగం పోయింది. థార్ప్ గ్రీన్‌లోని రాబిన్సన్ కుటుంబం 1845 జూలైలో అతణ్ణి ఉపాధ్యాయ పదవి నుంచి తొలగించింది. యజమాని భార్యతో తనకు ప్రేమబంధం ఉందని అతడే చెప్పుకున్నాడు. అటుపై మద్యం, నల్లమందు, అప్పులు. అతడు ఇంట ఉండగా అతిథిగా పిలవలేనని షార్లెట్ తన స్నేహితురాలు ఎలెన్ నస్సీకి రాసింది.

ఆమె కాఠిన్యాన్ని కేవలం నైతిక ఆగ్రహంగా చదవడం చాలదు. బ్రసెల్స్‌లో తనకు చదువు చెప్పిన వివాహితుడు కాన్‌స్టాంటిన్ హెగెర్‌కు ఆమె రాసిన లేఖలలో నేడు లభిస్తున్న చివరిది 1845 నవంబరు నాటిది. అంటే తమ్ముడు కొలువు పోగొట్టుకొని వచ్చిన నాలుగు నెలల తర్వాతిది. ఒకే ఇంట, ఒకే కాలంలో ఇద్దరూ అందని ప్రేమతో వేగిపోయారు. అతడు దానిని ఊరంతా వినిపించాడు, ఆమె దాచుకొంది. తాను బిగబట్టుకొన్నదానినే తమ్ముడు బాహాటం చేయడం ఆమెకు సహించరానిదై ఉంటుందనడం సమంజసమైన ఊహ.

1848 సెప్టెంబరు 24న బ్రాన్‌వెల్ మరణించాడు. అక్కచెల్లెళ్లు పుస్తకాలు ప్రచురించిన సంగతి అతనికి చివరిదాకా తెలియదని షార్లెట్ కొద్దిరోజులకే డబ్ల్యూ.ఎస్. విలియమ్స్‌కు రాసింది. ‘జేన్ ఐర్’ అప్పటికి ఏడాదిగా పాఠకుల చేతుల్లో ఉంది. అదే లేఖలో ఆమె దుఃఖం ఆప్తుణ్ణి కోల్పోయినందుకు కాక, వ్యర్థమైన ప్రతిభ గురించి. 1857లో ఎలిజబెత్ గాస్కెల్ రాసిన జీవితచరిత్ర అతని పతనానికి యజమానురాలినే బాధ్యురాలిని చేసింది. న్యాయపరమైన బెదిరింపు రావడంతో ఆ భాగాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. అతని పక్షాన వాదించే గ్రంథాన్ని మిత్రుడు ఫ్రాన్సిస్ లేలండ్ 1886లో వెలువరించాడు.