గొలుసు రంపం బాగుచేతకు తొలి పనిముట్లు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలను కృష్ణా జిల్లా మెట్టసీమ అని పిలిచే అలవాటు మనకు నేటికీ పోలేదు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. నేల మాత్రం ఆ నేలయే. సాగరు ఎడమ కాలువ నీరు చాలినంత అందని చేలలో పత్తి, మిరపలతో పాటు సుబాబుల్, జామాయిల్ తోటలు దశాబ్దాలుగా పెరుగుతున్నవి. ఆ కర్ర లారీలకెక్కి సారపాక, రాజమహేంద్రవరం కాగితపు మిల్లులకు చేరుతున్నది. కర్ర ధరను గురించి రైతులకూ మిల్లులకూ నడుమ ఉన్న వివాదం వేరొక వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ నేను చెప్పదలచినది, ఆ కర్రను కోసే యంత్రాన్ని గురించి. దానిని బాగుచేయ నేర్చుకొనదలచిన విద్యార్థి చేతి సంచిలో ఏమేమి ఉండవలెనన్న దానిని గురించి.

ఒకప్పుడు గొడ్డళ్ళతో సాగిన నరుకుడు నేడు చాలావరకు పెట్రోలు గొలుసు రంపాలతో సాగుతున్నది. రంపం ఆగిన పూట దానిని పట్టుకొన్న మనిషి ఒక్కడే కాదు, కొమ్మలు కొట్టేవారు, బెరడు తీసేవారు, లారీ నింపేవారు అందరూ చెట్టు నీడన కూర్చొనవలసినదే. మోటారు సైకిళ్ళ మెకానిక్కులు మన ఊళ్ళలో కొదువ లేరు గాని, గొలుసు రంపాన్ని చూచి విజయవాడకు తీసుకొని పొమ్మనేవారే వారిలో ఎక్కువ. నిజానికి ఇందులో ఉన్నది చిన్న టూ స్ట్రోక్ ఇంజను. మిరప తోటలలో వీపున మోసే పెట్రోలు స్ప్రేయరులోనూ, గడ్డి కోసే యంత్రాలు చాలావాటిలోనూ ఉన్నది ఇటువంటిదే. ఒకటి నేర్చినవానికి మూడు యంత్రాల పని దొరుకుతుంది.

నేర్చుకొనదలచినవారిని వెనుకకు లాగేది తరచు పనిముట్ల ఖర్చు. అంగడిలో నూరు ముక్కల పెట్టె మెరుస్తూ కనిపిస్తుంది. ఆ పెట్టెను కొనవద్దని నా సలహా. అందులో సగం ముక్కలకు ఈ యంత్రంలో పని లేదు. కావలసినవి కొన్ని అందులో ఉండవు. తప్పు ఎక్కడున్నదో కనిపెట్టడానికి కావలసిన పనిముట్లు వేరు, దానిని సరిచేయడానికి కావలసినవి వేరు. మొదటివి మిక్కిలి చౌక, కొన్ని ఉచితం కూడా. రెండవవాటిని పని వచ్చినప్పుడు, వచ్చిన వరుసలో కొనవచ్చును.

మొట్టమొదట కావలసినది రంపంతో పాటు ఇచ్చే టీ ఆకారపు పానా. దాని ఒక కొన 19 మి.మీ., స్పార్క్ ప్లగ్గుకు. రెండవ కొన 13 మి.మీ., గొలుసు పట్టీ నట్లకు. మూడవ కొన చదునైన స్క్రూడ్రైవరు. తరువాత పొడవైన పిడి గల కీలు రెండు మూడు. జర్మనీ కంపెనీ రంపాలలో తరచు ఆరు రేకుల నక్షత్రపు గుంట గల స్క్రూలుంటవి, వాటికి టి-27 కొలత కీ. చైనా నుండి వచ్చే చౌక రంపాలలో ఎక్కువగా 4, 5 మి.మీ. అలెన్ కీలు పనికివస్తవి. వీటికొక పట్టకారు, చిన్న స్క్రూడ్రైవరు, పాత పండ్ల బ్రష్షు చేర్చిన చాలును. మన కార్ఖానాలలో భాష కూడా ఈ సంచి వంటిదే. పానా, పేచ్‌కస్ అన్న మాటలు ఉర్దూ మిస్త్రీల నోట వచ్చినవి, ఆకురాయి, పట్టకారు తెలుగువి. ఒకే బల్ల మీద అన్నీ కలిసే ఉంటవి. నిఘంటువు తెరువకుండా పని జరిగిపోతుంది.

ఇంజను నడవడానికి మూడు కావలెను. నిప్పురవ్వ, తగు పాళ్ళలో పెట్రోలూ గాలీ, సిలిండరులో బిగువైన ఒత్తిడి. రవ్వను చూడడానికి ప్లగ్గు ఊడదీసి, తిరిగి దాని తొడుగులో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి తాడు లాగవలెను. ఈ పరీక్షను పెట్రోలు ఒలికిన చోట చేయరాదు. ప్లగ్గు రంధ్రం దగ్గరా చేయరాదు. ఊడదీసిన ప్లగ్గే సగం కథ చెప్పుతుంది. కొన లేత గోధుమ రంగులో ఉన్నచో ఆరోగ్యం. నల్లగా తడిసి ఉన్నచో పెట్రోలు గాని నూనె గాని ఎక్కువైనది. ఎంత లాగినా పొడిగానే ఉన్నచో పెట్రోలు పైకి రావడం లేదు. తెల్లగా కాలి ఉన్నచో గాలి ఎక్కువై ఇంజను ప్రమాదంలో ఉన్నది. ప్లగ్గు మొనల మధ్య ఎడం సాధారణంగా 0.5 మి.మీ. మ్యాగ్నెటో చక్రానికీ ఇగ్నిషన్ కాయిలుకూ మధ్య ఉండవలసిన ఎడం సుమారు 0.3 మి.మీ.; దానికి ఫీలర్ గేజి లేకపోయినా, ఒక విజిటింగు కార్డును మధ్యన పెట్టి బిగించిన పని జరుగుతుంది.

ఒత్తిడిని కొలిచే గడియారం తొలినాళ్ళలో లేకున్నను బాధ లేదు. స్విచ్చి ఆపి, తాడు పిడిని పట్టుకొని రంపాన్ని వ్రేలాడదీయండి. ఆగి ఆగి మెల్లగా దిగినచో ఒత్తిడి ఉన్నట్లు. బావిలో బొక్కెన వలె జారిపోయినచో లోపల ఏదో అరిగినట్లు. ఆపైన సైలెన్సరు విప్పి, ఆ రంధ్రం గుండా టార్చి వెలుగులో పిస్టన్‌ను చూడండి. రెండు మూడు స్క్రూల పని ఇది. పిస్టన్ నునుపుగా ఉన్నదా, నిలువు గీతలు పడినదా అన్నది అక్కడే తేలిపోతుంది. గీతలు పడిన రంపానికి కార్బురేటరు ఎంత కడిగినా ప్రయోజనం లేదు. యజమానికి ఆ మాట ముందే చెప్పగలిగిన మెకానిక్కు వద్దకే జనం మళ్ళీ వస్తారు.

గాలి ఎక్కడ కారుతున్నదో కనిపెట్టడానికి కంపెనీలవారు చేతి పంపు, ఒత్తిడి మీటరు అమ్ముతారు, వెల ఎక్కువ. వైద్యులు రక్తపోటు చూచే ముల్లు మీటరు, దాని రబ్బరు బుడ్డి చాలావరకు ఆ పనిని చేయగలవు. అది 300 మి.మీ. పాదరసం వరకు, అనగా సుమారు 0.4 బార్ వరకు చూపుతుంది. చేతికి చుట్టే పట్టీ చినిగి మూలపడినది దొరికినచో మరీ మంచిది, పట్టీతో మనకు పని లేదు. సైలెన్సరు ముఖాన్నీ కార్బురేటరు ముఖాన్నీ సైకిల్ ట్యూబు ముక్కలతో మూసి, ఒకచోట గొట్టం తగిలించి, ప్లగ్గు బిగించి, గాలి కొట్టి సబ్బు నీరు పూయండి. బుడగ లేచిన చోటనే జబ్బు. ముల్లు నిలకడగా నిలిచినచో ఇంజను బిగువుగా ఉన్నట్లే.

క్లచ్ విప్పడానికి పిస్టన్‌ను కదలకుండా ఆపవలెను. దానికీ ప్రత్యేక పనిముట్టు అక్కరలేదు, పాత స్టార్టరు తాడు చాలును. పిస్టన్ పొగ రంధ్రాన్ని దాటి పైకి వచ్చిన తరువాతనే తాడును ప్లగ్గు రంధ్రం గుండా లోనికి పంపవలెను. అంతకు ముందు పంపినచో తాడు రంధ్రంలో చిక్కి తెగుతుంది. ఇంకొక హెచ్చరిక. ఈ క్లచ్‌కు మర ఎడమవాటం. మనం బిగించే దిక్కుకు, అనగా గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు తిప్పిననే ఊడుతుంది. ఈ సంగతి తెలియక సుత్తి పట్టినవారు ఇరుసునే విరగగొడతారు.

ఇక గొలుసు. రంపం కోయడం లేదని వచ్చేవాటిలో అనేకం ఇంజను జబ్బులు కావు, పళ్ళు మొద్దుబారినవి. ఈ పళ్ళకొక ముచ్చటైన చరిత్ర ఉన్నది. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు 1946లో మొద్దును తొలుస్తున్న పురుగును చూచి, దాని దవడలు కుడి ఎడమలకు కొరుకుతున్న తీరును గొలుసు పళ్ళకు ఎక్కించినాడు. నేటి గొలుసులలో కుడి పన్ను, ఎడమ పన్ను మార్చి మార్చి ఉండుటకు అదే మూలం. పురుగు మన సుబాబుల్ మొద్దులలోనూ ఉన్నది; చూచేవారే తక్కువ.

పదును పెట్టడానికి గుండ్రని ఆకురాయి కావలెను, కొలత గొలుసును బట్టి. చిన్న రంపాల గొలుసుకు 4 మి.మీ., .325 కొలత గొలుసుకు 4.8 మి.మీ., 3/8 పెద్ద గొలుసుకు 5.2 లేక 5.5 మి.మీ. కోణం సాధారణంగా 30 డిగ్రీలు. ఆకురాయిని ముందుకు మాత్రమే తోయవలెను, ప్రతి పన్నుకూ అన్నే తోపులు వేయవలెను. ఒక వైపు ఎక్కువ అరిగినచో రంపం కర్రలో వంకరగా పోతుంది. మొద్దు గొలుసుతో కోసినచో మొదలు చీలిపోతుంది, బెరడు ఊడుతుంది. నరికిన మొదలు నుండి మళ్ళీ చిగురించి రెండవ పంట ఇవ్వవలసిన తోటకు ఇది నష్టమే. కాబట్టి ఆకురాయి దగ్గర పొదుపు వద్దు. ప్లగ్గు దగ్గర, టూ స్ట్రోక్ నూనె దగ్గర, కళ్ళద్దాల దగ్గర కూడా వద్దు. గొలుసు బ్రేకు పని చేయని రంపాన్ని, ఇంజను ఎంత చక్కగా నడిచినా, తిరిగి యజమాని చేతికి ఇవ్వరాదు.

నూనె కొలవడానికి సూది తీసిన సిరంజి ఒకటి చాలును. 25కు 1 పాళ్ళు చెప్పిన యంత్రానికి లీటరు పెట్రోలులో 40 మి.లీ., 50కు 1 చెప్పినదానికి 20 మి.లీ. నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది, అది తేమను పీల్చుతుంది. నెలల తరబడి టాంకులో నిలువ ఉన్న పెట్రోలు కార్బురేటరులోని పలుచని రబ్బరు పొరలను గట్టిపరచుతుంది. పని లేని కాలంలో టాంకు ఖాళీ చేయించుట మెకానిక్కు చెప్పవలసిన మాట.

పాత పనిముట్లు కొనదలచినవారికి విజయవాడ ఆటోనగర్ దగ్గరలోనే ఉన్నది. హైదరాబాదు పోయినప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంత చూడవచ్చును. జలంధర్, లూధియానా, నాసిక్‌లలో తయారైన పానాలు పాతవైనా మంచివే, నోరు తెరుచుకొననంత వరకు. పాత ఆకురాయి మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. పాత ఇనుము కొట్టులో చచ్చిన రంపం ఒకటి తూకానికి దొరికినచో తప్పక కొనండి. దానిని పదిసార్లు విప్పి బిగించినవాడికి పదకొండవసారి ఇతరుల రంపం ఇవ్వవచ్చును.

కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉన్నది గాని, దాని 18 వృత్తులలో కమ్మరి, వడ్రంగి ఉన్నారు, ఇంజను మెకానిక్కు లేడు. ముద్రా పథకం క్రింద శిశు రుణం 50,000 వరకు పూచీ లేకుండా అడుగవచ్చును. కాని తొలి సంచికి అప్పు అవసరమే లేదు.

అప్పుకు తగినవి మూడే: ఒత్తిడి గడియారం, అసలు చేతి పంపు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే టాకోమీటరు. ఒక్కొక్క విద్యార్థి వీటిని కొనుట దండుగ. కళాశాల కమిటీవారు ఒక జత కొని, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచి, రిజిస్టరులో సంతకం తీసుకొని ఇచ్చినచో పదిమందికి సరిపోతుంది. మూడింటిలో ముందుగా కొనవలసినది టాకోమీటరు. చెవితో విని కార్బురేటరు స్క్రూ తిప్పేవారికి పెట్రోలు తగ్గించిన కొద్దీ మ్రోత ఇంపుగా వినిపిస్తుంది. వారం తిరుగకముందే పిస్టన్ మీద గీతలు పడతవి. అది చేతికి వచ్చేవరకు ఆ స్క్రూను కదపవద్దు. కదపక తప్పనిచో, పూర్తిగా లోనికి తిరగడానికి ఎన్ని చుట్లు పట్టినదో ముందుగా లెక్కించి, రంపం పేరు ప్రక్కన కాగితం మీద వ్రాసి ఉంచుకొని, అన్నే చుట్లు వెనుకకు తిప్పండి.