బీట్‌రూట్ రంగు వేడినీళ్లలోనే ఎందుకు దిగుతుంది?

బీట్‌రూట్ ముక్కల్ని బాగా కడిగి చన్నీళ్లలో వేయండి. నీళ్లకు రంగు పెద్దగా అంటదు. వేడినీళ్లలో వేస్తే మాత్రం గ్లాసంతా ఎర్రబడుతుంది!

ఆ రంగు పదార్థం పేరు బీటాలెయిన్. కణంలోపల రిక్తిక అనే సంచిలో ఉంటుంది. బయటికి రావాలంటే రిక్తిక పొరనూ, ఆపైన కణత్వచాన్నీ దాటాలి. (చుట్టూ కణకవచం కూడా ఉందిగా అంటారా? దానికి సందులెక్కువ, రంగును ఆపలేదు.)

కణత్వచం మందం సుమారు 7 నానోమీటర్లే. ఇలాంటివి లక్షకు పైగా పేర్చినా ఒక్క మిల్లీమీటరు! అందులో ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువులు రెండు వరసల్లో ఉంటాయి. వాటి తలలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు గిట్టదు. అందుకే తలలు నీటివైపు తిరిగితే, తోకలు మధ్యలో దాక్కుంటాయి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల కొవ్వును నీటిపై పరిచి, అది కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు ఉందని చూశారు. రెండు వరసల ఆలోచన అలా పుట్టింది. భలే తెలివైన ప్రయోగం!

నీటిలో కరిగే బీటాలెయిన్ ఈ కొవ్వు పొరను దాటలేదు. కణానికి కావలసిన చక్కెర, లవణాలు కూడా అంతే. వాటికి త్వచంలోని ప్రోటీన్లు దారి ఇస్తాయి. వేడి తగిలితే కొవ్వు అణువుల అమరిక సడలుతుంది, ప్రోటీన్ల ఆకారం చెడుతుంది. ఇక రంగును ఆపేదెవరు? గడ్డకట్టించి కరిగించిన ముక్కలూ రంగు కారుస్తాయి. అక్కడ త్వచాన్ని చించేవి మంచు స్ఫటికాలు.