ఎముకను తినేదెవరు?

ఎముక రాయిలాంటి జడపదార్థం కాదు. అందులో నిత్యం పాత భాగం కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. కట్టే పని ఆస్టియోబ్లాస్ట్ కణాలది. కరిగించే పని ఆస్టియోక్లాస్ట్‌లది. ఈ రెండో రకం కణాలు తెల్ల రక్తకణాల వంశానికి చెందినవి. అనేక కణాలు కలిసిపోయి ఒక్కో ఆస్టియోక్లాస్ట్ తయారవుతుంది. అందుకే దానిలో ఎన్నో కేంద్రకాలుంటాయి. అది ఎముకకు అతుక్కుని, ఆమ్లంతో ఖనిజాన్నీ ఎంజైములతో ప్రోటీన్‌నూ కరిగిస్తుంది.

మరి కణితి పెరిగినచోట ఎముక ఎందుకు గుల్లబారుతుంది? కణితి కణాలే దాన్ని తినేస్తాయనుకుంటాం. కానీ చాలావరకు అవి ఆ పనిని ఆస్టియోక్లాస్ట్‌ల చేత చేయిస్తాయి. అందుకు అవి వాడుకునేది వ్యాధి నిరోధక కణాలు పరస్పరం పంపుకునే రసాయన సంకేతాలనే.

ఈ సంగతికి తొలి ఆధారం 1972లో దొరికింది. ప్రేరేపించిన మానవ తెల్ల రక్తకణాలు విడుదల చేసే ద్రవంలో ఉంచితే, ఎలుక పిండాల ఎముకలు కరగసాగాయి. 1985లో ఆ ద్రవంలోని పదార్థాన్ని శుద్ధిచేసి చూస్తే, అది జ్వరాన్నీ వాపునూ కలిగించే ఇంటర్‌ల్యూకిన్-1 అని తేలింది. 1997లో వ్యాధి నిరోధక శాస్త్రజ్ఞులు టి-కణాలు తయారుచేసే మరో అణువును గుర్తించారు. ఆస్టియోక్లాస్ట్‌ల పుట్టుకకు కావలసిన అణువు కోసం వెతుకుతున్న ఎముక శాస్త్రజ్ఞులకు 1998లో దొరికిందీ అదే! దాని పేరు ర్యాంక్‌ఎల్.

ర్యాంక్‌ఎల్ తాళంచెవి వంటిది. ఆస్టియోక్లాస్ట్‌గా మారబోయే కణం మీద ఉండే ర్యాంక్ అనే గ్రాహకం దానికి తగిన తాళం. ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రోటీన్ ఈ తాళంచెవిని మధ్యలోనే పట్టేసుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో ఈ రెండింటికీ సమతూకం ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-1 వంటివి ర్యాంక్‌ఎల్‌ను పెంచి ఆ తూకాన్ని తప్పిస్తాయి.

జెయింట్ సెల్ ట్యూమర్ దీనికి చక్కటి ఉదాహరణ. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల వయసువారిలో, తరచుగా మోకాలి దగ్గర వస్తుంది. సాధారణంగా ఇది క్యాన్సర్ కాకపోయినా, ఎముకను డొల్ల చేస్తుంది. సూక్ష్మదర్శినిలో పెద్దపెద్ద బహుకేంద్రక కణాలు కనిపించడం వల్ల దానికా పేరు వచ్చింది. నిజానికి అవి కణితి కణాలు కావు, ఆస్టియోక్లాస్ట్‌ల వంటివే. అసలు కణితి కణాలు వాటి మధ్య ఒదిగి ఉన్న మామూలు పరిమాణపు కణాలు. అవి ర్యాంక్‌ఎల్‌ను విపరీతంగా తయారుచేసి, ఆ పెద్ద కణాలను రప్పిస్తాయి.

ఇది తెలిశాక చికిత్సకు కొత్త దారి దొరికింది. డెనోసుమాబ్ అనే యాంటీబాడీ ర్యాంక్‌ఎల్‌ను బంధిస్తుంది. శస్త్రచికిత్స సాధ్యం కానప్పుడో, దానివల్ల అవయవానికి తీవ్రనష్టం కలిగేటప్పుడో ఈ కణితికి దాన్ని వాడేందుకు 2013లో అమెరికా అనుమతించింది. మందుతో పెద్ద కణాలు మాయమై, కణితి అంచుల్లో కొత్త ఎముక ఏర్పడుతుంది. అయితే సంకేతం పంపే అసలు కణాలు పూర్తిగా చావవు. మందు ఆపితే కణితి మళ్లీ పెరగవచ్చు. కనుక వీలైనచోట శస్త్రచికిత్సే ప్రధాన మార్గం.

దెబ్బ తగలకుండానే మోకాలి దగ్గర వారాల తరబడి నొప్పి, వాపు ఉంటే చిన్న వయసే కదా అని ఊరుకోకూడదు. ఎముక విరగకముందే ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.