చేతికఱ్ఱకు ఒక నెలవు

తెలుగునాట కఱ్ఱకు ఎన్ని పేర్లు! గొల్లవానిది దుడ్డుకఱ్ఱ, అరక తోలువానిది ములుకోల, సన్న్యాసిది దండము, బడిపంతులుగారిది బెత్తము, అడుగున లోహపుకట్టు బిగించినది పొన్నుకఱ్ఱ, ముదుసలిది ఊతకఱ్ఱ. పేరు మాఱినకొలది దానిని పట్టుకొను చేయి మాఱును. ఆ చేతి వెనుకనున్న బ్రదుకును మాఱును. ఇన్ని పేర్లు పెట్టిన మనము, ఇంటిలో దానికొక చోటు మాత్రము ఏర్పఱుపలేదు. తలుపుమూలయే దానికి గతి.

పల్నాటిలో ఈ సంగతి మఱింత వింతగా తోచును. దాచేపల్లి మీదుగా పాఱు నాగులేటి ఒడ్డుననే, ఎగువన, కారెంపూడి కలదు. అచ్చట ఏటేట కార్తీక అమావాస్యనాడు ఆరంభమై అయిదు దినములు వీరారాధన జరుగును. కొణతములని పిలుచు వీరుల ఆయుధములను ఆచారవంతులు ఊరూరినుండి తెచ్చి, నాగులేటిలో స్నానము చేయించి పూజింతురు. పండ్రెండవ శతాబ్దపు యుద్ధమును నేటికిని కన్నులయెదుట నిలుపుచున్నవి ఆ ఆయుధములే. పట్టినవాని చేతిని ఆయుధము ఎట్లు జ్ఞప్తికి తెచ్చునో, ఊతకఱ్ఱయును అట్లే తెచ్చును. తాతగారి అఱచేతి రాపిడికి నునుపెక్కిన పిడిని ఆయన పోయిన పిమ్మట అటకమీద పడవేయుట, ఆయన నడకను మఱచిపోవుటయే.

ఇతర దేశములందును కఱ్ఱకు గౌరవము తక్కువ కాదు. 1922లో ఈజిప్టున హోవర్డ్ కార్టర్ కనుగొన్న టూటంకామన్ సమాధిలో సుమారు 130 కఱ్ఱలు లభించినవి. 1930 మార్చి 12వ తేదీన సబర్మతినుండి దండికి బయలుదేరిన గాంధీజీ రూపమును, చేతికఱ్ఱ లేకుండ ఊహింపగలమా?

మూలను చేరవేసిన కఱ్ఱకు కలుగు చేటు రెండు విధములు. పచ్చిదనము పూర్తిగా ఆరని కఱ్ఱ, ఏటవాలుగా ఏండ్లతరబడి నిలిచినచో తన బరువుకు తానే వంగును. నేల చెమ్మ కొననుండి పైకి ప్రాకును. కోసిన కొన, ప్రక్కలకంటె వేగముగా నీటిని పీల్చును. కావున కఱ్ఱ నిటారుగా నిలువవలెను. కొన పొడిగా ఉండవలెను. ఈ రెండును సాధించు పీఠమును ఇంటివద్దనే చేసికొనవచ్చును.

పాతయింటి తలుపుచెక్క దొరకిన మేలు. అది ఏండ్లపాటు ఆరిన కలప. పదునెనిమిది అంగుళముల పొడవు, పండ్రెండంగుళముల వెడల్పుగల పలకలు మూడు కావలెను. వానిలో రెండింటిని ఒకదానిపై నొకటి పేర్చి, కదలకుండ బిగించి, బరమాతో ఒక్కమాఱే ఆఱు బెజ్జములు వేయవలెను: వరుసకు మూడు చొప్పున రెండు వరుసలు, బెజ్జమునకు బెజ్జమునకు నడుమ అయిదంగుళముల ఎడము. జంటగా తొలిచిన బెజ్జములు తప్పక ఎదురెదురుగా కుదురును. అంగుళము మందముగల కఱ్ఱకు ఒకటిన్నర అంగుళముల బెజ్జము ఉండవలెను. వానకాలమున కలప అడ్డముగా ఉబ్బును; బిగువైన బెజ్జము కఱ్ఱను విడువదు.

మూడవ పలక అడుగుభాగము. రెండు కొనలయందును ఇరువదినాలుగంగుళముల ఎత్తుగల నిలువుచెక్కలను దానికి అమర్చి, బెజ్జముల పలకలలో ఒకదానిని ఆఱంగుళముల ఎత్తున, రెండవదానిని పైకొనను బిగింపవలెను. ఇక మన సీమ సొత్తు నాపరాయి. అంగుళము మందముగల రాతిపలకను నిలువుచెక్కల నడుమ, అడుగుపలకపై పఱచినచో ఎనిమిది తొమ్మిది కిలోల బరువు చేరి పీఠము తూలదు. పొన్ను రాతిపై ఆనును గాని చెక్కను కొఱకదు. వానలో తడిసివచ్చిన కఱ్ఱనుండి కాఱిన నీరును చెక్కకు ఇంకదు. చివరకు అవిసెనూనెను పలుచగా రుద్ది, మిగిలినదానిని తుడిచివేయవలెను. ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. తమంతట తామే వేడెక్కి అంటుకొనును. విప్పి, ఆరుబయట ఆరవేయవలెను.

పీఠము కుదిరినదో లేదో తేల్చవలసినది వడ్రంగి కాదు, ఇంటిలోని ముదుసలి. ఒక చేత గోడను పట్టుకొని, వంగకుండ, రెండవచేత కఱ్ఱను తీసికొనగలిగినచో పని నెఱవేఱినట్లే. చూచుటకు ఎంత సొగసుగానున్నను, ఒకరిని పిలిచి తీయించుకొనవలసి వచ్చినచో అది పీఠము కాదు, చెఱసాల.

ఉపాధ్యాయులు ఈ పనిని బడిలో చేయింపదగును. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యావిధానమునకు చేతిపనియే కేంద్రము. బెజ్జముల ఎడము లెక్కించుటలో గణితమున్నది. కలప ఉబ్బుటలో ప్రకృతిశాస్త్రమున్నది. పిల్లలు తమ యిండ్లనుండి కఱ్ఱలను తెచ్చి, ఒక్కొక్కదానిక్రింద నాలుగు మాటలు వ్రాయవలెను: ఇది ఎవరిది, ఏ చెట్టుది, ఎవరు చెక్కిరి, దీనిని పట్టుకొని ఎచ్చటికి నడచిరి. తుమ్మయో, చండ్రయో, వెదురో చెప్పగల పెద్దలు ఇంకను మన నడుమ ఉన్నారు. వారిని ఇప్పుడు అడుగకున్నచో రేపు కఱ్ఱ మిగులును గాని, కథ మిగులదు.

ఇంటిలో పెట్టుకొనువారు ఆఱు బెజ్జములలో ఒకదానిని మాత్రము ఖాళీగా ఉంచవలెను. అది నేడు నడచుచున్న పెద్దలది. సాయంకాలము వారు ఇల్లు చేరువేళకు, వారి కఱ్ఱకును ఒక చోటు కావలెను గదా.