కర్ణాటక రాష్ట్రం: గుర్తులు, విశేషాలు



పెళ్ళి పట్టుచీరల కోసం అనంతపురం, చిత్తూరు, కోలారు వైపుల నుంచి మనవాళ్ళు బెంగుళూరు చిక్కపేటకు వస్తూనే ఉంటారు. 1537లో కెంపేగౌడ నిర్మించిన ఊరిలోని పాత పేటల్లో ఇదొకటి. కన్నడంలో మొదలైన బేరం తెలుగులో ముగియడం ఇక్కడ వింత కాదు. ఇన్ని రాకపోకలున్నా, ఈ రాష్ట్రపు అధికార చిహ్నాలేమిటని అడిగితే మనలో చాలామంది తడుముకుంటాం. ఈ పూట ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందుగా రాష్ట్రం పుట్టుక. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి జిల్లా రెండయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. బళ్ళారితో సహా తక్కిన ఏడు తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. 1956 నవంబరు 1న విశాల మైసూరు, ఆంధ్రప్రదేశ్ ఒకే రోజున అవతరించాయి. 1973 నవంబరు 1న, దేవరాజ అరసు ముఖ్యమంత్రిగా ఉండగా, మైసూరు కర్ణాటక అయింది. అందుకే నవంబరు 1 ఇక్కడ రాజ్యోత్సవ దినం. రాష్ట్ర వైశాల్యం 1,91,791 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 6 కోట్ల 11 లక్షలు. అందులో నూటికి ఇంచుమించు ఆరుగురి మాతృభాష తెలుగు.

ఇక రాజముద్ర. దాని నడుమ ఉన్న రెండు తలల పక్షి గండభేరుండం. ఇది మైసూరు ఒడెయర్ల చిహ్నం. అంతకు ముందే విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల నాణేల మీదా కనిపిస్తుంది. అంటే ఈ పక్షి మనకూ పాత చుట్టమే. దానికి ఇరువైపులా ఏనుగు తల, సింహం ఒడలు గల గజకేసరులు, పైన అశోకుని సింహాలు ఉంటాయి.

రాష్ట్ర జంతువు ఏనుగు. చెట్టు శ్రీగంధం. పువ్వు తామర. పక్షి పాలపిట్ట. రాష్ట్ర గీతం కువెంపు రచన. 2004లో ఆ హోదా పొందింది. నవంబరులో వీధి వీధినా ఎగిరే పసుపు-ఎరుపు జెండా మాత్రం జనం అభిమానంతో ఎత్తుకున్నదే గాని అధికార పతాకం కాదు.

ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణం ఆగాలి. దసరానాడు చూస్తే శుభమని మనం వెతికే పాలపిట్ట ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ రాష్ట్ర పక్షి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దానినే ఉంచుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్ చెట్టు వేప, పువ్వు మల్లె. తెలంగాణ చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. ఆ జమ్మినే కన్నడిగులు బన్ని అంటారు. విజయదశమికి వారూ పూజిస్తారు.

సరిహద్దు ఊళ్ళ పిల్లలకు బడిలో ఒక రాష్ట్రపు పుస్తకం, ఇంట్లో అన్నయ్య వాడిన మరో రాష్ట్రపు పాత పుస్తకం ఉంటాయి. పోటీ పరీక్షలో ఒక్క మార్కుకే ఉద్యోగం చేజారవచ్చు. కనుక తల్లిదండ్రులారా, పుస్తకం ఏ రాష్ట్రానిది, ఏ సంవత్సరంలో అచ్చయింది అనేది మొదట చూడండి. 2018కి ముందుదైతే గుర్తుల పేజీని కొత్త పుస్తకంతో సరిపోల్చి దిద్దించండి.

గుర్తులు రాష్ట్రానికొకటిగా ఉన్నా, పాలపిట్టకు పొలిమేర రాయి తెలియదు. రెండు వైపులా గుర్తులు తెలిసినవారికి రెండు ఊళ్ళూ సొంతమే. సెలవు.