సెప్టిక్ ట్యాంకు నిండాక

చిన్న పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ అరుదు. మరుగుదొడ్డి నుంచి వచ్చేది ఇంటి వెనకో వాకిట్లోనో ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. అక్కడ బరువైనది అడుగున మడ్డిగా పేరుకుంటుంది, తేలికైనది తెట్టెలా పైకి తేలుతుంది, మధ్యనున్న నీరు ఇంకుడు గుంతలోకో సైడు కాలువలోకో జారుతుంది. గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా మడ్డిని కొంత కుళ్లబెడుతుంది తప్ప రోగక్రిములను పూర్తిగా చంపదు. అంటే ట్యాంకులో జరిగేది సగం శుద్ధే. రెండు మూడేళ్లకోసారి మడ్డి తోడించాలన్నది నిబంధన. దొడ్లోకి మురుగు వెనక్కి తన్నేదాకా ఆగడం ఆనవాయితీ.

సముద్రతీరానికి దగ్గరగా, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. 2011 లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 58 వేలు. డెల్టా నేలలో కొద్ది అడుగులు తవ్వితే నీరు పడుతుంది. వానాకాలంలో ఇంకుడు గుంత ఇంకదు సరికదా, నెర్రెలిచ్చిన ట్యాంకులోకి బయటి నీరే ఊరుతుంది. తోడిన ట్యాంకరు ఏ పంట కాలువలోనో గుమ్మరించి పోతే నష్టం అక్కడితో ఆగదు: డెల్టా ఊళ్లకు తాగునీటి చెరువులు నిండేది చాలావరకు ఆ కాలువలతోనే.

అందుకే నరసాపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం పెట్టారు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సాంకేతిక సాయం అందించింది. వరంగల్‌లోనూ ఇదే తరహా ప్లాంటు ఉంది. ట్యాంకరు తెచ్చిన సరుకును ముందు జల్లెడ పడతారు. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, ట్యాంకులో ఉండకూడనివన్నీ అక్కడ చిక్కుకుంటాయి. తర్వాత నీటినీ మడ్డినీ విడదీస్తారు. మడ్డిని పిండి, ఆరబెట్టి, గాలి దాదాపుగా తగలకుండా బాగా కాలుస్తారు. దీన్నే పైరాలిసిస్ అంటారు. ఆ వేడికి నులిపురుగుల గుడ్లు కూడా మిగలవు. మిగిలేది బొగ్గులాంటి బయోచార్. కాల్చేటప్పుడు పుట్టిన వేడినే తర్వాతి విడత మడ్డిని ఆరబెట్టడానికి వాడుకుంటారు. ఎండ మీద ఆధారపడే ఆరబెట్టు పడకలకు ఎక్కువ స్థలం, పొడి వాతావరణం కావాలి. భూమి ఖరీదైన, వానలు కురిసే డెల్టాలో అవి కుదరవు కాబట్టి ఈ పద్ధతే అనుకూలం. వేరుచేసిన నీటిని విడిగా శుద్ధి చేస్తారు.

ప్లాంటు కట్టడం కన్నా ట్యాంకరును అక్కడిదాకా రప్పించడం కష్టం. దూరం పెరిగితే డీజిలు ఖర్చు పెరుగుతుంది, పక్కనున్న కాలువ ఊరిస్తుంది. ట్యాంకర్లకు లైసెన్సులు, ఇంటింటికీ గడువు ప్రకారం తోడింపు ఉంటేనే యంత్రానికి పని. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే దీనికి నిబంధనలు తెచ్చింది. జాతీయ విధానం 2017లో వచ్చింది. రక్షణ లేకుండా మనుషుల్ని ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది, మూత తీయగానే ఆవరించే విషవాయువు ప్రాణాలు తీస్తుంది కాబట్టి.

ఇక స్నానాల, వంటిళ్ల నీరు. అది ట్యాంకు జోలికి రాకుండా సైడు కాలువలోంచి పెద్ద డ్రెయిన్‌కు, అక్కడి నుంచి నదికో సముద్రానికో చేరుతుంది. మలవ్యర్థాల ప్లాంటు దాన్ని ముట్టుకోదు. గోదావరి పోచంపాడు దాటి ధర్మపురి, మంథని, భద్రాచలం, రాజమండ్రి మీదుగా కిందికి వస్తుంది. దారిలోని ఊళ్ల సబ్బు నీళ్లూ దానిలోనే కలుస్తాయి. చిన్న ఊరికి అందుబాటులో ఉన్న ఉపాయం, డ్రెయిన్ చివర లోతు తక్కువ చెరువుల వరుస: నీరు రోజుల తరబడి నిలిస్తే ఎండ, నాచు, బ్యాక్టీరియా కలిసి శుద్ధి చేస్తాయి. కరెంటు దాదాపు అక్కర్లేదు, కావలసింది ఎకరాల నేల.