కీళ్ళవాతం: గోలి ఏ రోజు వేసుకోవాలి?

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో కొంగరకలాన్ ఉంది. జిల్లా కలెక్టరాఫీసు 2022లో ఆ ఊరికి వచ్చింది. ఆ ఊళ్ళో ఒక అక్క ఉందనుకోండి. వయసు నలభై. పొద్దున లేస్తే ఆమెకు పిడికిలి పట్టదు. చెంబు జారిపోతుంది. గంట గడిస్తే గాని చేతులు దారికి రావు. ఒక చెయ్యి కాదు, రెండు చేతుల కణుపులూ వాచాయి.

"పొద్దుగాల పని తప్పించుకునేటందుకు నాటకమాడుతున్నవ్" అంటుంది అత్త. మధ్యాహ్నానికి కోడలు కలుపుకు పోతుంది కదా! అందుకే అత్తకు అనుమానం. కాని అది నాటకం కాదు. ఆ జబ్బు తీరే అంత. పొద్దున బిగుసుకుంటుంది, పొద్దెక్కితే కొంత సడలుతుంది.

దీన్ని కీళ్ళవాతం అంటారు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే శక్తి ఉంది. అది కావలి కుక్క లాంటిది. దొంగను కరవాల్సిన కుక్క ఇంటివాళ్ళనే కరిస్తే ఎట్లా? ఈ జబ్బులో అదే జరుగుతుంది. ఆ శక్తి కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది. కీళ్ళు వాస్తాయి. మందు వాడకపోతే వేళ్ళు వంకర పోతాయి. ముసలితనంలో మోకాళ్ళు అరగడం వేరు, ఇది వేరు. ఇది మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. వంకాయ తిన్నందుకు రాదు, చేసిన పాపానికీ రాదు.

దీనికి ఎక్కువగా ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఈ మందు రోజూ వేసుకునేది కాదు. వారానికి ఒక్క రోజే. తెలియక రోజూ మింగితే నోట్లో పుండ్లు పడతాయి. రక్త కణాలు పడిపోతాయి. ప్రాణమే పోవచ్చు. అందుకే మంచి డాక్టరు చీటీ రాసిచ్చి ఊరుకోడు. తిరిగి అడుగుతాడు.

"ఏ రోజు వేసుకుంటవమ్మా?"

"బేస్తవారం సారూ."

"మిగతా ఆరు రోజులు?"

"ఆ గోలి ముట్టను."

ఆమె గోలీల కవరు మీద తన చేత్తోనే 'బేస్తవారం' అని రాసుకుంటుంది. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఈ మందు గుణం కనబడటానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. పది రోజులు చూసి "తగ్గలేదు" అని మానేస్తే నష్టం. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయించుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళు ఇది వాడకూడదు. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. జ్వరం, ఆయాసం, నోటి పూత వస్తే వెంటనే దవాఖానకు పోవాలి. పేరు లేని పొట్లాల మందు ఒక్క రోజులో నొప్పి తీసేస్తే సంతోషపడకూడదు. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. దాన్ని చాలాకాలం వాడితే ఎముకలు గుల్లబారుతాయి, షుగరు వస్తుంది.

రోగికి ఇవన్నీ నేర్పడం కూడా వైద్యమే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే నర్సు 1970ల చివర్లో ఇలాంటి తరగతులు మొదలుపెట్టింది. ఆరు వారాలు, వారానికి రెండు గంటలు. నేర్పేవాళ్ళు డాక్టర్లే కానక్కర లేదు. కీళ్ళ జబ్బు ఉన్నవాళ్ళే శిక్షణ పొంది తోటివారికి నేర్పేవారు. "నా నొప్పిని నేను అదుపు చేసుకోగలను" అన్న ధైర్యం వచ్చినవాళ్ళకు మేలు ఎక్కువ కనిపించింది. అలాంటి మాటలు మన మహిళా సంఘం మీటింగులో మాట్లాడుకోవడానికి ఏం అడ్డం?

ఇంటి పనిలో చిన్న మార్పులు చాలు. తడి చీరను వేళ్ళతో మెలిపెట్టకుండా నల్లా గొట్టానికి చుట్టి పిండాలి. కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలిక. బకెట్ సగమే నింపాలి. వాపు ఎక్కువగా ఉన్న రోజు కీళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి. మిగతా రోజుల్లో గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళు మెల్లగా ఆడించాలి.

ముందు ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో చూపించుకోవచ్చు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో కీళ్ళవాతానికి వేరే విభాగమే ఉంది. పోయేటప్పుడు పాత చీటీలు, పరీక్షల కాయితాలు, వాడే గోలీలు ఒక సంచిలో పెట్టుకోవాలి. ఒకరిని తోడు తీసుకుపోవాలి. అత్త వస్తే మరీ మంచిది.